‘మినీ డాబర్‌మాన్’ మా ఫ్లాట్‌కి సరిపోతుందా?

ప్రశ్న: మాది విశాఖలో ఎం.వి.పి. కాలనీ. మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మావారు పోర్టులో షిఫ్టు డ్యూటీ చేస్తారు, నెలలో కొన్నాళ్లు నైట్ డ్యూటీ ఉంటుంది. నేను స్కూల్ టీచర్ని. పొద్దున్న ఎనిమిదింటికి వెళితే సాయంత్రం నాలుగున్నరకి వస్తాను. బాబుకి ఏడేళ్లు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. మోకాళ్ల నొప్పులు, వాకర్ పట్టుకుని నడుస్తారు. బాబు ఏడాదిగా కుక్కపిల్ల కావాలని పోరు పెడుతున్నాడు. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన ‘మినీ డాబర్‌మాన్’ పిల్ల ఉందన్నాడు. దానికి ఇప్పుడు 35 రోజులు. పిల్లికంటే పెద్దగా పెరగదు, గుప్పెడు తిని మూలన పడుంటుంది, ఫ్లాట్ల కోసమే పుట్టిన జాతి అంటున్నాడు. ఆదివారంలోగా చెప్పకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. పూజగది ఉన్న ఇంట్లో కుక్కేమిటని అత్తయ్యగారు ముందు ఒప్పుకోలేదు. ఇప్పుడు మనవడి కోసం సరే అంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక తల్లి, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా,

ముందు ఆదివారం సంగతి తేల్చేద్దాం, మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఆ పిల్లని ఆదివారం ఇంటికి తెచ్చుకోకండి. 35 రోజుల పిల్లని తల్లి దగ్గర్నుంచి విడదీయడమే తప్పు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఇది కాగితం మీది రూలే కాదు, దాని వెనక గట్టి కారణం ఉంది. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి. గట్టిగా కొరికితే అవతలిది కీచుమని అరిచి ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. నోటిని ఎంతవరకు వాడాలో పిల్ల నేర్చుకునేది అక్కడే. ఆ చదువు లేకుండా వచ్చిన పిల్లకి మీ బాబు వేళ్లే పలకా బలపం అవుతాయి. అమ్మేవాడు తొందరపెడుతున్నాడంటే తొందర అతనిది, మీది కాదు.

ఇక పేరు దగ్గరికి వద్దాం. ‘మినీ డాబర్‌మాన్’ అనే జాతి లేదు. అతను చెబుతున్నది మినియేచర్ పిన్షర్ అయుండాలి, మనవాళ్లు మిన్‌పిన్ అంటారు. చూడ్డానికి డాబర్‌మాన్‌ని బొమ్మలా చేసినట్టుంటుంది గనక ఆ పేరుతో అమ్మితే వినడానికి గొప్పగా ఉంటుంది. నిజానికి రెండూ జర్మనీవే గానీ, దాన్ని చిన్నది చేస్తే ఇది పుట్టలేదు. అపోల్డా అనే ఊళ్లో పన్నులు వసూలు చేసే లూయీ డాబర్‌మాన్ పెద్దకుక్కని తయారుచేసింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. అప్పటికే చిన్న పిన్షర్లు ఆ దేశంలో గుర్రపుశాలల్లో, ధాన్యపు కొట్టాల్లో ఎలుకలు పడుతూ బతుకుతున్నాయి. ఎర్రగా, సన్నటి కాళ్లతో జింకపిల్లలా ఉంటుందని అక్కడివాళ్లు ముద్దుగా జింక పేరుతోనే పిలిచేవారు.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఒడిలో పెట్టుకోడానికి చేసిన కుక్క కాదిది, పనికుక్క. రాత్రంతా మెలకువగా ఉండి, గడ్డి కదిలితే చెవి పెట్టి, సందులోంచి దూరి ఎలుక మెడ పట్టడం దాని వృత్తి. ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు. ఆ నాలుగు కిలోల్లో కాపలాకుక్క గుండె ఉంటుంది. ‘మూలన పడుంటుంది’ అన్నవాడు ఈ జాతిని ఒక్కరోజు కూడా పెంచలేదు.

నేను పెంచాను. సీతమ్మధారలో మొదటి అంతస్తులో ఉండేవాళ్లం. దాని పేరు మిరియం. పదమూడేళ్లు మాతో ఉంది. ఆ పదమూడేళ్లలో ఈ జాతి మీద నా ప్రేమ ఒక్క వీసం తగ్గలేదు. అందుకే మీకు తీపి మాటలు చెప్పలేను.

ఒక మే నెల మధ్యాహ్నం గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి గడప దగ్గర బండ దించాడు. మిరియం సోఫా కింద కళ్లు మూసుకుని పడుకుని ఉంది. నేను డబ్బులు తేవడానికి లోపలికి రెండడుగులు వేశాను. బండ నేలకి తగిలిన చప్పుడుకి చెవులు రెండూ నిలబడ్డాయి. ఆ తర్వాత నాకు కనిపించింది, ఆ అబ్బాయి కాళ్ల మధ్యలోంచి మెట్ల వైపు జారిపోతున్న ఎర్రటి నడుం మాత్రమే. నేను చెప్పులు కూడా లేకుండా దిగేసరికి వీధి ఖాళీ. ఎండకి జనం ఇళ్లలోనే ఉన్నారు. పిలిస్తే రాదు, పరుగు మొదలుపెడితే దానికి పేరు వినపడదు. నలభై నిమిషాల తర్వాత రెండు వీధుల అవతల, ముంజెలు అమ్మే ఆవిడ తోపుడుబండి కింద దొరికింది. ఆవిడ ముంజెల మీద కప్పిన తడి గోనె తీసి దాని కింద పరిచింది. ఎత్తుకుంటే అరికాళ్లు నాలుగూ పొక్కిపోయి ఉన్నాయి. తారురోడ్డు ఎండకి అంతలా కాలింది. పది రోజులు కట్లు కట్టుకుంటూ, బయటికి ఎత్తుకుని తీసుకెళ్లి దింపుకుంటూ గడిపాం. ఆవిడ గోనె పరచకపోతే, ఆ మధ్యలో ఒక లారీ వస్తే, ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

తలుపు సందు, బాల్కనీ ఊచలు, గేటు కింద ఖాళీ... ఈ జాతికి ఇవన్నీ దారులే. మీ ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు తలుపు తెరుచుకుంటుందో ఒక్కసారి లెక్కపెట్టండి. పాలు, పేపరు, పనమ్మాయి, స్కూల్ వ్యాను, కొరియరు, కూరల బండి పిలుపు. ప్రతిసారీ ఎవరో ఒకరు కుక్క ఎక్కడుందో చూసుకునే తలుపు తీయాలి. ఆ పని మీరు లేనప్పుడు అత్తయ్యగారిది అవుతుంది. వాకర్ పట్టుకున్న చేతులతో ఆవిడ తలుపూ తీయాలి, కుక్కనీ ఆపాలి. మూడో అంతస్తు బాల్కనీలో పావురాల కోసం వేయించిన నెట్ ఉంటే దాన్ని నమ్మకండి. అది పావురాన్ని ఆపుతుంది గానీ, పళ్లతో కొరికి దూకే కుక్కని ఆపదు. ఊచల మధ్య మీ పిడికిలి పడితే పిల్ల తల పడుతుంది, తల పడితే ఒళ్లంతా పడుతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలో అత్తయ్యగారి వాకర్. పెద్ద కుక్క ఎదురుగా వస్తే కనబడుతుంది. ఇది మడమల దగ్గర తిరుగుతుంది, మనిషి ఎటు వెళితే అటు, అడుగుకి అడుగు తగులుతూ. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ మామూలుగా నడవడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. ఇంకోటి, ఎవరూ తలచుకోనిది: ఆవిడ మోకాళ్ల నొప్పి మాత్రలు. మనం వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కకి విషంతో సమానం. మంచం పక్కన జారిపడ్డ ఒక్క మాత్ర అయిదు కిలోల కుక్క పొట్టలో పుండ్లు చేయగలదు, కిడ్నీలని దెబ్బతీయగలదు. నొప్పికి రాసుకునే జెల్ కాళ్ల మీద నుంచి నాకినా ప్రమాదమే. అలాగే ప్రసాదం. చక్కెరపొంగలిలో కిస్‌మిస్ వేస్తారు కదా, ద్రాక్షా కిస్‌మిసూ కుక్కల కిడ్నీలకి పడవు. మనవడి కుక్క అని ప్రేమగా చిన్న ముద్ద పెడితే అది ప్రేమతో చేసిన హాని అవుతుంది. ఉల్లిపాయలు, చాక్లెట్ కూడా అంతే. పెద్ద కుక్క తట్టుకునే మోతాదు దీనికి ఎక్కువైపోతుంది.

పూజగది గురించి ఆవిడ పడ్డ బాధని చిన్నదిగా చూడకండి. ఆవిడ సరే అన్నది మనవడి ముఖం చూసి. ఆ సరే మీద పన్నెండు, పదిహేనేళ్ల బరువు పెట్టకూడదు. ఈ జాతి అన్నేళ్లు బతుకుతుంది మరి. మీ బాబు ఇంజినీరింగ్‌కి వేరే ఊరు వెళ్లేనాటికి కూడా కుక్క మీ ఇంట్లోనే ఉంటుంది.

మీవారిది నైట్ డ్యూటీ అని ఒక్క మాటలో రాసి ఊరుకున్నారు. నా లెక్కలో అది పెద్ద విషయం. ఆయన పొద్దున్న వచ్చి పడుకుంటారు. తొమ్మిదిన్నరకి కింద ఫ్లాట్ వాళ్ల కాలింగ్ బెల్ మోగుతుంది. మనకి వినపడదు, దానికి వినపడుతుంది. లేచి తలుపు దగ్గరికి పరిగెత్తి మొరుగుతుంది. సన్నగా, గోరుతో పళ్లెం గీకినట్టుండే గొంతు. పావగంట తర్వాత బాల్కనీలో పావురం. పదకొండింటికి కొరియరు. మొరగడం దాని తప్పు కాదు, వందేళ్లకి పైగా మనుషులు దాన్ని అందుకే ఉంచుకున్నారు. శిక్షణతో తగ్గించవచ్చు. రెండుసార్లు మొరిగి, పిలిస్తే వచ్చి కూర్చోవడం మిరియానికి నేర్పగలిగాం. కానీ అందుకు ఏడాది పట్టింది, ఇంట్లో పగలంతా ఒక మనిషి ఉండబట్టి అయింది. మీ ఇంట్లో పగలు ఉండేవారు ఇద్దరు, ఒకరు నిద్రలో ఉంటారు, ఇంకొకరు వాకర్ మీద.

పిల్లగా ఉన్నప్పటి నెలలు ఇంకా కష్టం. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు. రోజుకి నాలుగుసార్లు తినాలి. ఇంత చిన్న జాతి పిల్లలకి తిండి వేళ తప్పితే ఒంట్లో చక్కెర పడిపోయి కళ్లు తేలేస్తాయి. మీరు ఎనిమిదిన్నర గంటలు బయట ఉంటారు. మధ్యలో మూడుసార్లు తుడవాలి, రెండుసార్లు పెట్టాలి. తడి టైల్స్ మీద అత్తయ్యగారు నడవాలి. మిన్‌పిన్‌కి ఇంట్లో పోయకూడదని నేర్పడం మిగతా కుక్కలకంటే ఆలస్యమవుతుందని పెంచినవాళ్లందరూ చెప్పే మాట. వానాకాలంలో అయితే అసలు కాలు తడిస్తే బయటికి రానంటుంది. మిరియం కార్తీకమాసం వానల్లో గుమ్మం దాకా వచ్చి, నా ముఖం చూసి, వెనక్కి తిరిగి వెళ్లి దుప్పట్లో దూరేది.

బాబు సంగతి. ఏడేళ్ల పిల్లాడికి కుక్క మీద ప్రేమ ఉంటే అది మంచి గుణం, దాన్ని నీరుగార్చకండి. కానీ ఏడేళ్లవాడు కుక్కని ఎత్తుకుంటాడు, పరిగెత్తుతూ ఎత్తుకుంటాడు. మిన్‌పిన్ ముందుకాళ్లు పెన్సిల్ లావు ఉంటాయి. మంచం మీంచి, సోఫా మీంచి, చేతుల్లోంచి దూకితే విరుగుతాయి. పిల్లల్లో ఇది మామూలుగా జరిగేదే, వారాల తరబడి కట్టుతో ఉండాలి. ఒకోసారి ప్లేటు వేయాలి. నొప్పి పుట్టేలా పట్టుకుంటే అది కొరుకుతుంది. టీకాలు వేయించిన ఇంటి కుక్క కొరికినా, గీరినా, ధారగా పడే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మందు లేదు. ఇది మీ బాబుకి కూడా నేర్పండి, కుక్క వచ్చినా రాకపోయినా. వీధిలో ఎటూ కుక్కలున్నాయి.

వీధికుక్కల మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి. మిన్‌పిన్‌కి తన సైజు తెలియదు. మీ సందు చివర పడుకునే మూడు కుక్కల మీదికి గొలుసు లాక్కుంటూ వెళుతుంది. అవి ఒక్క పట్టు పడితే ఇది మిగలదు. అందుకని మెడపట్టీ చాలదు, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ ఉండాలి. దీని మెడ తలకంటే పెద్దగా సన్నం కాదు, వెనక్కి గుంజితే పట్టీ ఊడొస్తుంది. డ్రైన్ల దగ్గర పందికొక్కు కనబడితే ఇంక అది పుట్టిందే అందుకు. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన మురికినీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, ఎలుకలమందు తిన్న ఎలుకని తింటే ఆ విషం దీనికీ ఎక్కుతుంది. ఏడాదికోసారి వేసే టీకాలో లెప్టో ఉందో లేదో పశువుల డాక్టరుని అడగాలి.

మన ఊరి వాతావరణం దీనికి పడుతుందా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. మంచుదేశపు హస్కీలని తెచ్చి ఏసీ గదుల్లో బంధిస్తున్నారే, వాటికంటే పొట్టిబొచ్చు మిన్‌పిన్ ఎంతో నయం. చలికి వణుకుతుంది, ఎండ కాచుకుంటుంది. కానీ మన దగ్గర ఎండకంటే ఉక్కపోత చెడ్డది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పి, ఆ తడి ఆరడం వల్ల చల్లబడుతుంది. గాలిలోనే తడి నిండి ఉన్నప్పుడు అది ఆరదు. అందుకే మే నెలలో మన 36 డిగ్రీలు లోపలి జిల్లాల 40 డిగ్రీలంత పని చేస్తాయి. పొద్దున్న ఆరులోపు, సాయంత్రం చీకటి పడ్డాక తిప్పాలి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి అయిదు సెకన్లు ఉంచలేకపోతే దాన్ని నడిపించకూడదు. నా మిరియం అరికాళ్లు నాకు నేర్పిన లెక్క ఇది. తేమకి పిడుదులు కూడా ఎక్కువ, చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో వారానికోసారి వెతకాలి. వాటివల్ల వచ్చే జ్వరం చిన్నకుక్కని త్వరగా పడగొడుతుంది.

బీచ్‌కి తీసుకెళ్లడం గురించి అందరూ ఊహించుకుంటారు. పొద్దున్నే ఆర్కే బీచ్ ఇసుకలో మిరియం నడిచే నడక నా కళ్లముందే ఉంది. ముందుకాళ్లు ఎత్తెత్తి వేస్తుంది, ఊరేగింపులో గుర్రంలా. కెరటం వెనక్కి వెళ్లగానే తరిమి, ముందుకి రాగానే నా కాళ్ల వెనక్కి వచ్చేది. కానీ అక్కడ కూడా గొలుసు వదలకూడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో, సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం వైపు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. మట్టి తవ్వడం పుట్టుకతో వచ్చిన కుక్క ఒక్క గుంటలో వంద గుడ్లు నాశనం చేయగలదు.

చిన్నదై ఉండడంలో మేలు లేదని కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగులుతుంటే మిరియాన్ని చున్నీలో చుట్టి పొట్టకి కట్టుకుని బాత్‌రూమ్‌లో కూర్చున్నాం. దాని గుండె నా గుండె మీద కొట్టుకుంటూ ఉంది. తర్వాత రోజులు కరెంటు లేక, చెట్లు పడ్డ వీధుల్లో ఎత్తుకునే తిప్పాను. ముప్పై కిలోల కుక్కతో అది కుదిరేది కాదు. దీపావళి నాడు కూడా అంతే, చంకలో పెట్టుకుని తలుపులు మూసుకుని కూర్చుంటే ఆ రాత్రి గడిచిపోతుంది. జాగా తక్కువున్న ఇంట్లో, పగలు మనిషి ఉండి, కాళ్లలో సత్తువ ఉండి, పిల్లలు పదేళ్లు దాటినవాళ్లయితే ఈ జాతికంటే మంచి తోడు నాకు తెలియదు.

మీ ఇంటికి ఇప్పుడు ఈ పిల్ల వద్దు. ఇది నా స్పష్టమైన మాట. కారణం మీ ఫ్లాట్ చిన్నదని కాదు. ఫ్లాట్ దీనికి బోలెడంత. కుక్కకి చదరపు అడుగులకంటే మనిషి గంటలు ముఖ్యం, ఆ గంటలు మీ ఇంట్లో ఇప్పుడు లేవు. ఉన్న గంటలన్నీ మీవే. పొద్దున్న వంట, క్యారేజీలు, స్కూలు, పేపర్లు దిద్దడం, అత్తయ్యగారి మందులు. దాని పైన రోజుకి గంట నడక, నాలుగు తిళ్లు, తుడుపులు వచ్చి చేరితే ఆరు నెలలకి మీరు అలిసిపోతారు. అలిసిపోయినవాళ్లు చెడ్డవాళ్లు కారు, కానీ అప్పుడు ఆ కుక్కని ‘ఎవరికైనా ఇచ్చేద్దాం’ అన్న మాట వస్తుంది. ఏడాదిలోపు అలా ఇళ్లు మారిన మిన్‌పిన్లని నేను చాలానే చూశాను. రెండో ఇంటికి వచ్చేసరికి అవి గుమ్మం దగ్గర్నుంచి కదలవు.

నేను తప్పు అంచనా వేశానేమో చూడాలంటే ఒక పని చేయండి. కుక్క రాకముందే కుక్క వచ్చినట్టు నెల రోజులు ఉండి చూడండి. ఒక హార్నెస్, గొలుసు కొనండి. పెద్ద ఖర్చు కాదు. పొద్దున్న అయిదుంపావుకి బాబుతో పాటు ఎవరో ఒకరు ఖాళీ గొలుసు పట్టుకుని మూడంతస్తులు దిగి అరగంట నడిచి రావాలి. సాయంత్రం ఇంకో అరగంట. మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్‌లో అలారం పెట్టండి. ఆ వేళకి ఇంట్లో ఎవరు లేచి నీళ్లు మార్చి, కింద తుడిచేవారో ఒక కాగితం మీద రాయండి. తలుపు తెరిచిన ప్రతిసారీ తెరిచేవారు ‘కుక్క ఎక్కడ?’ అని బయటికే అడగాలి. పిల్లలకి ఇది ఆటలాగే ఉంటుంది, మొదటి వారం బాబే అందరికంటే ముందు లేస్తాడు. మూడో వారం ఎవరు లేస్తున్నారో చూడండి. ముఖ్యంగా మీవారి నైట్ డ్యూటీ ఉన్న వారం ఆ నెలలో పడేలా చూసుకోండి.

ఆ నెల నిలబడితే అప్పుడు కూడా పిల్లని కాదు, రెండు మూడేళ్లు నిండిన, స్వభావం తెలిసిన కుక్కని చూడమంటాను. దేశవాళీ అయితే మరీ మంచిది. మన వాతావరణానికి పుట్టింది, పిడుదులనీ ఉక్కనీ తట్టుకుంటుంది. నిదానంగా ఉండే ఆడకుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినది, అత్తయ్యగారి మంచం పక్కన గంటలకొద్దీ పడుకోగలది దొరుకుతుంది. పెద్ద కుక్క అలవాటు పడదనే భయం వద్దు, రెండు మూడు నెలల్లో ఇంటి మనిషైపోతుంది. అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లి చూపించండి. ఆవిడ కాళ్ల దగ్గర అది ఎలా నిలబడుతుందో అక్కడే తెలిసిపోతుంది.

మిన్‌పినే కావాలని బాబుకి పదేళ్లు వచ్చాక కూడా అనిపిస్తే, అప్పుడు పిల్ల తల్లిని చూపించమని అడగండి. తల్లిని చూపించనివాడి దగ్గర కొనకండి. తల్లి మనిషిని చూసి వణికిపోతుంటే పిల్లా అంతే. పిల్లని నేల మీద వదిలి నడిపించి చూడండి, వెనక కాలు మధ్యలో ఎత్తి కుంటుతూ రెండడుగులు వేసి మళ్లీ దించితే మోకాలిచిప్ప జారుతోందని అర్థం. ఈ జాతిలో అది తరచూ కనబడుతుంది. తోక, చెవులు కత్తిరించిన పిల్లని అందంగా ఉందని తీసుకోకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా పడి ఉండాలి, పదహారో వారం దాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున మిగతావి, మూడో నెలలో రేబిస్‌ది. ఆ సర్టిఫికెట్ పెట్టి నగరపాలక సంస్థ జీవీఎంసీ దగ్గర నమోదు చేయించుకోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కలు వద్దంటే కంగారుపడకండి. పెంపుడు కుక్కని నిషేధించే హక్కు అసోసియేషన్‌కి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా లిఫ్టులో ఎత్తుకుని వెళ్లడం, కిందపడ్డది మీరే తీసేయడం చేస్తే గొడవే రాదు.

ఆదివారం ఆయనకి ఫోన్ చేసి, ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లని తల్లి దగ్గరే ఉంచమని మాత్రం చెప్పండి. మీరు తీసుకోకపోయినా ఆ మాట దానికి పనికొస్తుంది. బాబుకి వద్దు అని చెప్పకుండా ఖాళీ గొలుసు చేతిలో పెట్టి, పొద్దున్న అయిదుంపావుకి నిద్రలేపండి. నైట్ డ్యూటీ వారం ఎలా గడిచిందో నాకు రాయండి.